కోలుకునే వారికి కాళ్ల షోర్వా

"లంఖణం పరమౌషధం" అనే మాట తెలియని తెలుగిల్లు లేదు. జ్వరం రాగానే పెద్దలు ఈ మాట గుర్తు చేస్తారు. అయితే లంఖణం ముగిసిన తరువాత రోగికి ఏమి పెట్టాలి, ఏది ముందు, ఏది వెనుక అన్న విషయం మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. "నీరసంగా ఉన్నాడు, బలమైనది పెట్టండి" అని చుట్టాలు చెబుతారు. మనమూ పెడతాము. బలమైన ఆహారం బలహీనమైన కడుపులో పడితే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను. అందువల్లనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది బోధన్. మా మామయ్య శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ పొందారు. మంజీర నదిపై 1931లో నిజాంసాగర్ పూర్తయిన తరువాత ఈ ప్రాంతమంతా చెరకు తోటలతో నిండిపోయింది. ఆ చెరకు ఆధారంగానే 1930ల చివర శక్కర్‌నగర్‌లో కర్మాగారం వెలసింది. 2015లో అది మూతపడినా మామయ్య మాటల్లో ఇంకా సైరన్ మోగుతూనే ఉంటుంది. చెరకు గానుగ ఆడే చలికాలంలో రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున హోటల్లో వేడివేడి పాయ తాగి ఇంటికి వచ్చేవాళ్లమని ఆయన తరచూ చెబుతారు. మేక కాళ్లను రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి ఉదయాన అమ్మే ఆ షోర్వా ఆయనకు ప్రాణం.

నేను చేసిన పొరపాటు

రెండేళ్ల క్రితం వానాకాలం చివర మామయ్యకు టైఫాయిడ్ వచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. జ్వరం తగ్గి ఇంటికి వచ్చేసరికి మనిషి సగమయ్యారు. పట్టుకుంటే గాని మంచం దిగలేని స్థితి. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ, "కాళ్ల షోర్వా పోయండి, వారంలో లేచి తిరుగుతాడు" అన్నారు. ఆయనకు ఇష్టమైన వంటకం కూడా అదే కదా అని నేనూ సంబరపడ్డాను.

ఇంటికి వచ్చిన మూడవ రోజునే నాలుగు మేక కాళ్లు తెప్పించాను. కుక్కరులో వేసి విజిళ్లు తెప్పించాను. నూనె ధారాళంగా పోసి, ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, కొబ్బరి, గసగసాలు, కారం, గరం మసాలా దట్టించి చిక్కని పులుసు చేశాను. మామయ్య నా ముఖం చూసి కాదనలేక గిన్నెడు తాగారు. ఆ రాత్రి రెండు గంటలకు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి మళ్లీ ఆసుపత్రి, మళ్లీ సెలైన్ సీసా. టైఫాయిడ్‌లో పేగులు పుండ్లు పడి ఉంటాయని, జ్వరం తగ్గినంత మాత్రాన అవి మానినట్లు కాదని డాక్టరుగారు నన్ను మందలించారు. అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ప్రమాదం తప్పి ఇంటికి వచ్చాక, మా కుటుంబానికి తెలిసిన ఒక ఆయుర్వేద వైద్యులను పథ్యం గురించి అడిగాను. నేను షోర్వా సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అంతకు ముందు గంజి ఎన్ని పూటలు ఇచ్చారమ్మా? పెసర కట్టు ఎన్ని పూటలు ఇచ్చారు?"

నా దగ్గర సమాధానం లేదు. అన్నీ దాటి నేరుగా చివరి మెట్టు ఎక్కించాను మరి!

శాస్త్రం చెప్పిన వరుస

ఆయుర్వేదం మాంసరసాన్ని ఎంతో మెచ్చుకున్నది. చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో చిక్కిపోయినవారికి, వ్యాధి నుండి బయటపడినవారికి, బలం, వర్ణం కోరేవారికి మాంసరసం అమృతంతో సమానమని ఉన్నది. మేక మాంసం మరీ చల్లనిదీ, మరీ బరువైనదీ, మరీ జిడ్డుగలదీ కాదని, మన శరీర ధాతువులకు దగ్గరగా ఉండి పుష్టినిస్తుందని అదే అధ్యాయం చెబుతుంది. గొర్రె మాంసం మాత్రం గురువు, అంటే అరగడానికి బరువైనదని పేర్కొన్నది. కాబట్టి మన పెద్దలు రోగికి మేక కాళ్లే తెమ్మనడంలో అర్థమున్నది.

కానీ అదే గ్రంథం సిద్ధిస్థానంలో మరొక విషయం చెప్పింది. పంచకర్మలతో శరీర శుద్ధి జరిగినవారి జఠరాగ్ని మందగించి ఉంటుంది కనుక వారికి ఆహారం మెట్లు మెట్లుగా ఇవ్వాలి. దీనినే సంసర్జన క్రమం అంటారు. మొదట పేయ, అనగా పలుచని గంజి. తరువాత విలేపి, అనగా చిక్కని జావ. ఆపై యూషం, అనగా పెసరపప్పు వంటి వాటి కట్టు. ఇది మొదట అకృతం, తరువాత కృతం. అకృతమంటే ఉప్పు, నెయ్యి, సంబారాలు వేయనిది, కృతమంటే వేసినది. ఆ తరువాతనే మాంసరసం. అదీ మొదట అకృతం, పిదప కృతం. శుద్ధి స్థాయిని బట్టి ఒక్కొక్క మెట్టులో మూడు, రెండు, లేదా ఒక్క పూట గడపాలి.

ఇందుకు శాస్త్రకారుడు ఇచ్చిన ఉపమానం ప్రతి గృహిణికీ తెలిసినదే. చిన్న నిప్పురవ్వ మీద ఒక్కసారిగా మొద్దులు పడవేస్తే ఆరిపోతుంది. గడ్డిపరక, పిడక ముక్క వేసి మెల్లగా రాజేస్తే పెద్ద మంట అవుతుంది. జఠరాగ్ని కూడా అంతే. నేను నిప్పురవ్వ మీద మొద్దు పడవేశాను.

ఈ క్రమం పంచకర్మ కోసం చెప్పినదే అయినా, పెద్ద జ్వరం నుండి లేచినవారి పథ్యానికి కూడా వైద్యులు దీనినే ఆదర్శంగా తీసుకుంటారు. మామయ్యకు వైద్యుల సలహాపై పూటలను రోజులుగా పెంచి ఇచ్చాము. డాక్టరుగారు రాసిన మాత్రలను చివరి రోజు వరకు వేసుకొన్నారు. పథ్యం మందుకు తోడు. మందుకు బదులు కాదు.

సన్నని సెగలోని మర్మం

వరుస తెలిసింది. ఇక వంట తెలియాలి. అది మా పక్కింటి ఖాలా దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఇంట్లో చలికాలమంతా కాళ్ల షోర్వా ఉంటుంది. తెల్లవారి తినే ఈ వంటకానికి "నహారీ" అనే పేరు కూడా పగలు అనే అర్థమున్న "నహార్" అనే అరబ్బీ పదం నుండే వచ్చింది. నేను కుక్కరు సంగతి చెప్పగానే ఆమె నవ్వి, "తొందర పడితే కూర అయితది బిడ్డా. షోర్వా కావాలంటే పొయ్యి కాడ కూసోవాలె" అన్నది.

ఆ మాటలో మర్మం ఉన్నది. మేక కాళ్లలో కండ తక్కువ. ఉన్నదంతా తోలు, నరాలు, కీళ్ల దగ్గరి మెత్తని ఎముక. వీటిలో కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తు ఉంటుంది. అది తడి వేడిలో గంటల తరబడి నిదానంగా ఉడికితే కరగి జెలటిన్‌గా మారి నీటిలో కలుస్తుంది. చల్లారిన షోర్వా జున్నులాగా పేరుకొనడానికి కారణం ఇదే. దీనికి నీరు తెర్లవలసిన అవసరం లేదు. 85 నుండి 95 డిగ్రీల వేడి చాలు. కుతకుతలాడించితే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చెదరి నీటిలో కలిసిపోతుంది. షోర్వా తెల్లగా, జిడ్డుగా, బరువుగా తయారవుతుంది. సన్నని సెగ మీద కాగితే కొవ్వు పైకి తేలి నిలుస్తుంది, గరిటెతో తీసివేయవచ్చు. రోగికి కావలసినది ఈ తేలికదనమే. పొయ్యిలో మంట మందంగా ఉంటేనే కడుపులో మంట చురుకుగా ఉంటుంది!

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఎముకలు ఉడికించిన షోర్వా తాగితే విరిగిన ఎముక తొందరగా అతుకుతుందని మనలో గట్టి నమ్మకం. నిజానికి ఎముకలోని కాల్షియం నీటిలోకి దిగేది స్వల్పమే. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తీసుకోవాలి. అలాగే జెలటిన్ సంపూర్ణమైన మాంసకృత్తు కాదు. శరీరానికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ అందులో ఉండదు. కాబట్టి షోర్వా ఒక్కటే తాగి ఊరుకొనక, ఆకలి పుట్టిన కొద్దీ అన్నం, పప్పు, జొన్నరొట్టె వంటివి జతచేయాలి. షోర్వా చేసే గొప్ప మేలు వేరు: నోటికి రుచి తెలుస్తుంది, ఒంటికి నీరు, ఉప్పు అందుతాయి, చచ్చిన ఆకలి మేలుకొంటుంది.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

మేక కాళ్లు: 4 (కాల్చి, గీకి, ఒక్కొక్కటి మూడు నాలుగు ముక్కలు చేయించినవి)
నీరు: 3 లీటర్లు
ఉల్లిగడ్డలు: 2
అల్లం: అంగుళం ముక్క
వెల్లుల్లి: 8 రెబ్బలు
పసుపు: అర చెంచా
మిరియాలు: 1 చెంచా
జీలకర్ర: 1 చెంచా
ధనియాలు: 2 చెంచాలు
దాల్చినచెక్క: చిన్న ముక్క
లవంగాలు: 2
ఉప్పు, కొత్తిమీర, నిమ్మరసం: తగినంత

పసుపు గురించి ఒక మాట. నిజామాబాద్ మార్కెట్ యార్డు పసుపుకు పేరుమోసినది. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా మన పట్టణానికే వచ్చింది. అటువంటి ఊళ్లో ఉండి రంగు కలిపిన పొడి కొనడం ఎందుకు? కొమ్ములు కొని ఎండబెట్టి పట్టించుకోండి. పసుపులోని సారం జిడ్డులో కరుగుతుంది. మిరియాలు తోడైతే ఒంటికి బాగా పడుతుంది. అందుకే ఈ వంటలో రెండూ కలిసి ఉండాలి.

తయారుచేయు విధానం

ముందుగా కాళ్ల ముక్కలకు ఉప్పు, పసుపు, గుప్పెడు గోధుమపిండి పట్టించి బాగా రుద్ది మూడు నాలుగు నీళ్లలో కడగవలెను. వెంట్రుకలు, గిట్టల పెచ్చులు మిగిలి ఉంటే తీసివేయాలి. తరువాత మునిగేంత నీటిలో పది నిమిషాలు ఉడికించి ఆ నీటిని పారబోయాలి. నీచు వాసన చాలావరకు ఈ నీటితోనే పోతుంది.

మందపాటి అడుగు గల గిన్నెలో ముక్కలు వేసి 3 లీటర్ల చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. వేడి నీళ్లు పోయరాదు. నీరు మెల్లగా కాగుతుంటే తెట్టు పైకి వస్తుంది. దానిని ఓపికగా తీసివేయాలి. మొదటి పొంగు రాగానే మంట బాగా తగ్గించాలి. నీటి మీద అక్కడక్కడ ఒక బుడగ లేచి పగలాలి; అంతకు మించి కదలిక ఉండకూడదు. గ్యాసు పొయ్యి అయితే చిన్న బర్నరు వాడండి.

గంట గడిచాక నాలుగు చీలికలు చేసిన ఉల్లిగడ్డలు, నలగగొట్టిన అల్లం, వెల్లుల్లి, పసుపు వేయాలి. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, చెక్క, లవంగాలు పలుచని బట్టలో మూటకట్టి వేస్తే తరువాత తీసివేయడం సులభం. మూత కొంచెం తెరచి ఉంచి మొత్తం నాలుగు గంటలు కాగనివ్వాలి. నీరు దాదాపు సగానికి తగ్గుతుంది. ముక్క వేలితో నొక్కితే ఎముక నుండి జారిపోవాలి. పెదవులకు షోర్వా అంటుకుంటే వంట పూర్తయినట్లు. ఉప్పు ఎప్పుడూ చివరనే వేయాలి; ముందు వేస్తే నీరు ఇగిరి షోర్వా ఉప్పుకసి అవుతుంది.

సమయం లేనివారు కుక్కరులో మూడు విజిళ్ల తరువాత సన్నని మంటపై నలభై నిమిషాలు ఉంచి, ఆవిరి పోయాక మూత తీసి మరొక అరగంట కాగనిచ్చి, తేలిన కొవ్వు తీసి వాడుకోవచ్చు.

రోగికి ఇచ్చే పద్ధతి

గంజి, జావ, పెసర కట్టు తేలికగా అరిగి, వైద్యులు సరే అన్న తరువాతనే షోర్వా మొదలుపెట్టాలి. మొదటి రెండు మూడు పూటలు ఉల్లి, మసాలా లేకుండా కాచి, కొవ్వు పూర్తిగా తీసి, వడగట్టిన తేట మాత్రమే చిన్న కప్పుడు ఇవ్వాలి. అది అరిగితే ఉప్పు, మిరియాలు, జీలకర్ర చేర్చినది. అదీ అరిగితే మెత్తని అన్నంలో కలిపి. ముక్కలు, మూలుగ, కారం చిట్టచివరి మెట్టు. ఒక మెట్టులో కడుపు బరువెక్కినా, తేన్పులు వచ్చినా వెనుక మెట్టుకు దిగండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మన జిల్లాలో అంకాపూర్ నాటుకోడి కూరకు ఎంత పేరున్నదో అందరికీ తెలుసు. దాని కారం, నూనె ఆరోగ్యవంతులకు విందు. మంచం పట్టి లేచినవారికి అది పరీక్ష అవుతుంది.

ఆరోగ్యవంతులకు మాత్రం హేమంత ఋతువు షోర్వాకు అనువైన కాలం. చలికి జఠరాగ్ని లోపల బలపడి బరువైన ఆహారాన్ని కూడా అరిగించగలదని ఆయుర్వేద ఋతుచర్య చెబుతుంది. జొన్నరొట్టె ముక్కలు వేసి నానబెట్టుకొని తింటే వేరే కూర అక్కరలేదు.

ఐర్లండు వారి కుండ

ఈ విద్య మనకొక్కరికే సొంతం కాదు. చలిదేశమైన ఐర్లండులో "ఐరిష్ స్ట్యూ" అనే వంటకం ఉన్నది. ముదురు గొర్రె మెడమాంసం, ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, నీరు, ఉప్పు, ఇవే దానిలో ముఖ్యం. పూర్వం పేద రైతుల ఇళ్లలో నిప్పు మీద వేలాడదీసిన ఇనుప కుండలో దీనిని గంటల తరబడి కాచేవారు. నూనె తాలింపు లేదు, కారం లేదు. ఉడికి చితికిన ఆలుగడ్డే పులుసును చిక్కబరుస్తుంది.

కారం తినలేని పిల్లలున్న ఇళ్లలో దీనిని సులభంగా చేసుకోవచ్చు. అరకిలో మెడ ముక్కలు, మూడు ఉల్లిగడ్డలు, నాలుగు ఆలుగడ్డలు తీసుకోండి. రెండు ఆలుగడ్డలను సన్నగా తరిగి మాంసంతో పాటు మొదటే వేయండి, అవి కరగిపోతాయి. మునిగేంత నీరు పోసి గంటన్నర సన్నని సెగపై ఉంచాక మిగిలిన రెండింటిని పెద్ద ముక్కలుగా వేసి మరొక అరగంట ఉడికించండి. ఉప్పు, మిరియాల పొడి చల్లి, వారు వాడే పార్స్‌లీ ఆకుకు బదులు మన కొత్తిమీర వేస్తే సరిపోతుంది. మేక మాంసంతో చేస్తే మరింత తేలిక.

ఎవరు జాగ్రత్తపడాలి?

జ్వరం ఉన్న రోజుల్లో షోర్వా ఇవ్వరాదు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచేవారు, అనగా వాతరక్తం ఉన్నవారు దీనికి దూరంగా ఉండటం మంచిది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగకూడదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు షోర్వాను ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు పైన గడ్డకట్టిన కొవ్వు పొరను పూర్తిగా తీసివేసి వాడుకోవాలి.

షోర్వాను పొయ్యి దించాక రెండు గంటలలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా వంటింట్లో వదిలివేసినది రోగికి విషంతో సమానం. మళ్లీ వాడేటప్పుడు ఆ పూటకు కావలసినంత మాత్రమే తీసి బాగా మరిగించాలి. రెండు మూడు రోజులకు మించి నిలువ ఉంచవద్దు.

శాకాహారులకు

మాంసం ముట్టనివారు నిరాశపడనవసరం లేదు. గుప్పెడు పెసరపప్పును దానికి పద్నాలుగింతల నీటిలో సన్నని సెగపై కాచి, వడగట్టిన కట్టుకు సైంధవ లవణం, మిరియాలు, జీలకర్ర, కొంచెం నేతి తాలింపు చేర్చితే అదే కృతయూషం. తేలికగా అరగడంలో దీనికి సాటి లేదు. దీనికీ సూత్రం అదే: సన్నని సెగ, వరుస తప్పని మెట్లు.

మామయ్య విషయానికి వస్తాను. రెండవసారి ఆసుపత్రి నుండి వచ్చాక గంజి, జావ, పెసర కట్టు దాటి మసాలా లేని తేట షోర్వాకు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఎవరెన్ని చెప్పినా నేను వినలేదు. తేట షోర్వా కప్పు చేతికి ఇచ్చినప్పుడు నా చేయి వణికింది. ఆ రాత్రంతా నిద్రపోకుండా ఆయన గది వైపే చెవి పెట్టుకొని కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఆయన హాయిగా నిద్రపోయారు.

మరొక పది రోజులకు, పొద్దున్నే వంటింటి గడప దాకా కర్ర పట్టుకొని తానే నడిచివచ్చారు. "బిడ్డా, ఇయాల జొన్నరొట్టె కూడా చేస్తవా? షోర్వాల ముంచుకొని తింట" అన్నారు. అత్తమ్మ అంతవరకు నాతో ఆ రాత్రి గురించి మాట్లాడనే లేదు. అప్పుడు మాత్రం నవ్వి, జొన్నపిండి డబ్బా దించి నా ముందు పెట్టింది.